వైండింగ్ మేస్త్రీ గారికి, ఇంకా అందరికీ

ఒళ్ళు అలిసిపోయి ఉంది, నిద్ర పట్టడం లేదు. అయినా ఈ థాంక్స్ ఇప్పుడే రాసేయాలి.

తమ్ముడి గంజాయి సంగతి ఇక దాచేదేం లేదు. బ్యాక్‌లాగ్స్ ఉండిపోయాయి, ఉద్యోగం లేదు, మధ్యాహ్నం దాకా పడక, లేస్తే ఆ పొగ. మత్తు మాన్పించే డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికి తెచ్చాక నిద్రలేమి, చిరాకు, అన్నం సయించకపోవడం మెల్లగా తగ్గాయి. పొద్దున్నే ఎందుకు లేవాలో తెలియకపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది. మళ్ళీ అటే పోతాడని నా టెన్షన్.

మోటార్ కాలిపోతే వాణ్ణి తోడు తీసుకుని అనకాపల్లిలో కాలిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే వైండింగ్ షాపుకు వెళ్ళాను. ఎందుకు తాగుతున్నావని వాణ్ణి అడగనివాళ్ళు లేరు. మేస్త్రీ గారు మాత్రం అంతా విని, "రేపు పొద్దున నీకేం పని బాబూ?" అన్నారు. ఏం లేదన్నాడు. "అయితే ఎనిమిదింటికి రా."

ముందు కాలిన మోటార్ల నుంచి రాగి తీగ పీకించారు. తర్వాత స్లాట్లలో పేపర్ పెట్టడం, చుట్లు లెక్కపెట్టి కాయిల్ చుట్టడం. లెక్క తప్పితే విప్పించి మళ్ళీ చుట్టించేవారు, కసురుకునేవారు కాదు. వార్నిష్, థిన్నర్ పని మాత్రం వాడి దగ్గరికి రానివ్వలేదు, తనే చేసుకునేవారు. చెరకు ఎండిపోతోందని ఒక రైతు మోటార్ తెస్తే తమ్ముడు రాత్రంతా కూర్చుని పూర్తిచేశాడు. మర్నాడు ఆ రైతు ఫోన్ చేసి, "నీళ్ళు బాగా పోస్తోంది బాబూ" అన్నాడు. అప్పుడు వాడి ముఖం చూసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేశాను.

మేస్త్రీ గారూ, దణ్ణం పెడితే వద్దన్నారు. ఇక్కడ పెడుతున్నాను.

అమ్మ, నాన్న, మా ఆయన ఉండనే ఉన్నారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ప్రభుత్వాసుపత్రిలో బెడ్ ఖాళీ లేదన్నారు. ప్రైవేటు సెంటర్ వాళ్ళు అడ్వాన్స్ కట్టించుకుని గదిలో పెట్టి తాళం వేశారు. గంజాయి మాన్పించడానికంటూ ప్రత్యేకమైన మందు లేదు, కౌన్సెలింగే ముఖ్యం. అక్కడ లేనిదే అది! పాత స్నేహితుల్ని కలవొద్దని కాగితం మీద రాసిచ్చారు. మరి రోజంతా ఏం చేయాలి? కొద్ది మోతాదు కేసుల్లో చిక్కుకున్న బానిసలు తమంతట తాము గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్తే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. పోలీస్ స్టేషన్లో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు, బెదిరించడం మాత్రం బెదిరించారు.

మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం ఉన్న 14446 హెల్ప్‌లైన్లో ఓపిగ్గా మాట్లాడిన అమ్మాయికి థాంక్స్. అయ్యో, ఆ రాత్రి డబ్బులు తీసుకోకుండా దింపిన ఆటో అన్న! రోజూ మజ్జిగ పంపిన పక్కింటి అత్త కూడా. వాడి సర్టిఫికెట్లు కాలేజీ నుంచి తెచ్చిపెట్టిన సుబ్బు వాళ్ళ నాన్న గారు, మీకూ.