వార్షిక కార్యకలాపాల నివేదిక: ఈ ఏడాది అంతా టిప్పులే

గౌరవ అధ్యక్షులకు, ఉపాధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రానివాళ్లకూ నమస్కారమే. నివేదిక వాళ్లకు కూడా పంపుతున్నాం కాబట్టి వాళ్ల గురించి రాసింది కూడా చదువుకోవచ్చు.

నిబంధనావళి ప్రకారం ఏడాది పనులు సభ్యుల ముందు పెట్టడం కార్యదర్శి బాధ్యత. మన ఇయర్‌ఫోన్ ప్రియుల సంఘం ఎందుకు పుట్టిందో, ఏం చేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. గత సమావేశంలో ‘ఈ ఏడాది కొత్త ఇయర్‌ఫోన్ల పరిచయాలు తగ్గిద్దాం, ఉన్నవాటి టిప్పుల సంగతి చూద్దాం’ అని తీర్మానించాం. టిప్పు అంటే ఇయర్‌ఫోన్ కొసకు తొడిగే, చెవి కాలువలో దూరే మెత్తటి సిలికాన్ లేదా ఫోమ్ ముక్క. అప్పుడు వెనక వరసలో కొందరు నవ్వారు. రబ్బరు ముక్కల మీద ఏడాది పాటు ఏం పని ఉంటుందని వాళ్ల అనుమానం. ఆ నవ్వినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు టిప్పుల ఉపసంఘంలో పనిచేస్తున్నారు. వాళ్ల పేర్లు చెప్పి ఇబ్బంది పెట్టను.

నెలవారీ సమావేశాలు యథావిధిగా జరిగాయి. రెండుసార్లు కోరం లేక వాయిదా వేశాం. ఆ రెండుసార్లూ హాలుకు తాళం తీసి, కుర్చీలు వేసి, మళ్లీ కుర్చీలు ఎత్తింది కోశాధికారి గారు, నేను.

కొలత పని

ఏడాది మొదట్లో 60318-4 ప్రమాణం తరహా కప్లర్ ఒకటి, అంటే చెవి కాలువకు బదులుగా పనిచేసే, లోపల మైకు ఉన్న కొలత గొట్టం, సమకూర్చుకున్నాం. పాతవాళ్లు ఇంకా 711 అనే అంటున్నారు, అదే ఇది. దీన్ని కంప్యూటర్‌కు కలిపి, ఏ స్వరం ఎంత బిగ్గరగా వస్తుందో చూపే ధ్వని రేఖలు తీసి, సభ్యులకు అర్థమయ్యేలా చెప్పిన సాంకేతిక బృందానికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆ బృందం చేసిన ఒక ప్రదర్శన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముందు ఇయర్‌ఫోన్‌ను కప్లర్‌లో గట్టిగా బిగించి రేఖ తీశారు. తర్వాత టిప్పుకూ గొట్టం గోడకూ మధ్య సన్నటి తీగ ముక్క ఒకటి దూర్చి మళ్లీ తీశారు. తీగ పక్కన కంటికి కూడా ఆనని సందు. తెర మీద మాత్రం రేఖ ఎడమ పక్క, అంటే బేస్ (కింది స్వరాలు) ఉండే వైపు, మొత్తం జారిపోయింది. కుడి పక్క, అంటే ట్రెబుల్ (పై స్వరాలు) వైపు, దాదాపు అలాగే ఉంది. హాలులో ఒక్కసారిగా గుసగుసలు మొదలయ్యాయి. ‘బేస్ లేదు, ఈ కంపెనీ దండగ’ అని ఇన్నాళ్లూ తిట్టినవాళ్లు తమ చెవులు తడుముకున్నారు.

కారణం పెద్ద రహస్యం కాదు. టిప్పు బిగిస్తే ఇయర్‌ఫోన్‌కూ కర్ణభేరికీ మధ్య చిన్న గది ఏర్పడుతుంది. ఇయర్‌ఫోన్ లోపలి పలచటి పొర (డయాఫ్రం) కదిలినప్పుడల్లా ఆ గదిలో పీడనం మారుతుంది, అదే మనకు బేస్‌గా వినిపిస్తుంది. బేస్ కదలిక నిదానం. సందు దొరికితే గాలి బయటికి పోవడానికి సరిపడా వ్యవధి ఉంటుంది. ట్రెబుల్‌కు అంత వ్యవధి ఉండదు. అందుకే లీకేజీ ఉన్న చెవికి పాట పలచగా, కీచుగా వినిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ఈక్వలైజర్‌లో బేస్ పెంచుకుంటూ పోవడం ఎందుకు పనికిరాదో కూడా ఆ రోజే తేలింది. పెంచినదాంట్లో చాలావరకు ఆ సందులోంచే పోతుంది, శబ్దం పుట్టించే డ్రైవర్ మాత్రం ఇంకా కష్టపడుతుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే కొందరు సభ్యులు ఆ రేఖల్ని వేదవాక్కులా పట్టుకుని వాదులాడుకుంటున్నారు. కప్లర్ గొట్టం గుండ్రంగా, నున్నగా, కదలకుండా ఉంటుంది. మన చెవి అలా ఉండదు. పెద్దవాళ్ల చెవి కాలువ సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు, మధ్యలో వంపు, అడ్డకోత చాలామందికి కోడిగుడ్డు ఆకారం. దవడ కదిలిస్తే దాని ఆకారం మారుతుంది కూడా. మాట్లాడుతూ, నములుతూ వింటే బేస్ వచ్చిపోతూ ఉండేది అందుకే. 8 కిలోహెర్ట్జ్ దగ్గర రేఖలో కనబడే శిఖరం కూడా చాలావరకు ఆ మూసిన గొట్టం పొడవు వల్ల వచ్చేదే. టిప్పు లోతుగా దిగితే మిగిలే ఖాళీ తగ్గి ఆ శిఖరం పైకి జరుగుతుంది, పైపైన పెడితే కిందికి దిగుతుంది. ‘స’, ‘ష’ అక్షరాలు సూదుల్లా గుచ్చుతున్నాయంటే ఇయర్‌ఫోన్ మార్చేముందు టిప్పు లోతు మార్చి చూడండి.

టిప్పుల మరమ్మతు శిక్షణ

ఈ ఏడాది ఎక్కువ ఆదరణ వచ్చింది దీనికే. అందరూ ముందుగా నేర్చుకున్నది పెట్టుకునే పద్ధతి. ఒక చేత్తో చెవి డొప్పను పైకి, వెనక్కి లాగితే కాలువ వంపు కొంత తిన్నబడుతుంది, అప్పుడు టిప్పు దూర్చి వదలాలి. ఫోమ్ టిప్పయితే వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి పెట్టి, ఉబ్బేదాకా అలాగే పట్టుకోవాలి. అది కూడా చేయకుండానే ‘ఫోమ్ నాకు పడదు’ అన్నవాళ్లు చాలామంది. తర్వాత 30 లేదా 40 హెర్ట్జ్ స్వరం తక్కువ వాల్యూమ్‌లో పెట్టి రెండు చెవులూ సమానంగా వింటున్నాయో లేదో చూసుకోవడం. వేలితో కాస్త లోపలికి నొక్కితే స్వరం పెరిగిందంటే లీకేజీ ఉన్నట్టే.

ఎక్కువమందికి పనికొచ్చింది ఫోమ్ కూరిన సిలికాన్ టిప్పు. నిద్రకు, కార్ఖానాలకు వాడే మెత్తటి ఫోమ్ చెవి బిరడా ఒకటి తీసుకుని పలచటి చక్రంలా కోయాలి, మధ్యలో రంధ్రం చేసి టిప్పు కాండానికి, అంటే దాని మధ్య గొట్టానికి, తొడగాలి. అది కాండానికీ, చెవిని తాకే బయటి గొడుగుకూ మధ్య కూర్చుంటుంది. గొడుగు లోపలికి ముడుచుకోకుండా ఫోమ్ వెనకనుంచి మెల్లగా నెడుతూ ఉంటుంది. చర్మానికి తగిలేది సిలికానే కాబట్టి కడుక్కోవచ్చు. చక్రం మందం ఎక్కువైతే మాత్రం గొడుగు బండబారి చెవి నొప్పెడుతుంది. మొదటిసారి అందరూ మందంగానే కోశారు. తడిపిన బిరడాను ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి కోస్తే అంచు నున్నగా వస్తుందని ఉపసంఘంలో ఒకాయన చూపించారు. ఆయన ఇంట్లోవాళ్లు దీన్ని ఎలా భరించారో తెలియదు కానీ ఉపాయం మాత్రం బాగుంది.

రెండోది ఎత్తు వాషర్. పాత టిప్పు కాండం నుంచి సన్నటి ఉంగరం కోసి నాజిల్ (టిప్పు తొడిగే ఇయర్‌ఫోన్ మూతి) మొదట్లో తొడిగితే, దాని మీద పెట్టిన టిప్పు కొంచెం ముందుకు జరుగుతుంది. ఇయర్‌ఫోన్ ఒళ్లు పెద్దదై చెవి డొప్పకు అడ్డుపడేవాళ్లకు ఇది వరం. షరతు ఒక్కటే. టిప్పు ఇంకా నాజిల్ అంచు గాడిని పట్టుకునే ఉండాలి. వాషర్ మందం పెరిగి గాడి తప్పితే ఇయర్‌ఫోన్ బయటికొస్తుంది, టిప్పు చెవిలోనే ఉండిపోతుంది. జిగురు వేసి అంటిస్తే సరి అని ఒక సభ్యులు సూచించారు. వద్దని మర్యాదగా చెప్పాం. మళ్లీ అడిగారు. మళ్లీ వద్దన్నాం.

మూడు గొడుగుల టిప్పులు ఎటిమోటిక్ వాళ్లతో పేరు పడ్డవి, ఆ కంపెనీ ఈఆర్-4 ఇయర్‌ఫోన్ వచ్చింది 1991లో. అవి లోతుగా దిగుతాయి, బయటి చప్పుడు బాగా ఆపుతాయి, కొందరికి మాత్రం చెవిలో గునపం దిగినట్టు ఉంటుంది. అలాంటివాళ్లకు కాండం వెనక భాగం కొంత కత్తిరించో, వెనకున్న పెద్ద గొడుగు తీసేసో ఇచ్చాం. వంపు కత్తెరతో ఒకే కోతలో రావాలి. రంపంలా మిగిలిన అంచు కాలువ చర్మాన్ని గీరుతుంది.

బోర్, అంటే టిప్పు మధ్యలోని రంధ్రం, సంగతి క్లుప్తంగా. వెడల్పు బోర్ ట్రెబుల్‌ను తెరుస్తుంది, ఇరుకు బోర్ దాన్ని కొంత అణిచి బేస్ నిండుగా తోచేలా చేస్తుంది. ఫోమ్ టిప్పులో పాట మసకబారిందంటే చాలాసార్లు తప్పు ఫోమ్‌ది కాదు, లోపల నలిగి మూసుకుపోయిన దాని రంధ్రానిది. చిన్న ప్లాస్టిక్ గొట్టం ముక్క లోపల పెడితే తెరుచుకుంటుంది. నాజిల్‌లో దూది కూరడం మాత్రం దయచేసి మానండి. పోగులు ఎటు పోతాయో మన చేతుల్లో ఉండదు.

వైర్‌లెస్ బడ్స్ వాడేవాళ్లకు అదనపు తలనొప్పి ఉంది. ఏం మార్చినా డబ్బా మూత పడాలి, పిన్నులు తగిలి ఛార్జ్ కావాలి. వాళ్లకు పొట్టి ఫోమ్ టిప్పులే గతి. 2019లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రోలో లోపలి మైకుతో టిప్పు బిగి పరీక్షించే ఏర్పాటు పెట్టారు. అంత పెద్ద కంపెనీ దీన్ని పట్టించుకుందంటే, వెనక వరస మిత్రులారా, ఇది రబ్బరు ముక్కల గొడవ కాదని ఇప్పటికైనా ఒప్పుకోండి.

మార్చి 3

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసింది ప్రపంచ వినికిడి దినం నాడు పెట్టిన టిప్పు శిబిరం. సభ్యులే కాదు, ఎవరైనా తమ ఇయర్‌ఫోన్ తెచ్చుకోవచ్చన్నాం. మధ్యాహ్నానికి వరస మెట్ల దాకా వెళ్లింది.

ఒక విశ్రాంత ఉపాధ్యాయిని వచ్చారు. ఇయర్‌ఫోన్ ఎడమ చెవిలో నిలవదని ఇన్నేళ్లుగా ఒక్క చెవితోనే వింటున్నారట. చూస్తే ఆవిడ రెండు చెవులూ ఒక కొలత కావు. ఇలా ఉండటం మామూలే, అయినా రెండు వైపులకీ ఒకే సైజు టిప్పు పెట్టుకోవాలని ఎవరు శాసించారో గానీ అందరూ అదే పాటిస్తారు. కుడికి చిన్న సిలికాన్, ఎడమకు ఫోమ్ కూరిన మధ్య సైజు పెట్టాం. పాట మొదలైంది. ఆవిడ చెయ్యెత్తి మమ్మల్ని ఆగమన్నారు. కాసేపటికి, “ఈ పాటలో కింద ఇంకోటి మోగుతోంది బాబూ, ఇదివరకు లేదే!” అన్నారు. అది బేస్ గిటార్. ఆ తర్వాత ఆవిడ చేసిన పని, ఫోన్ తీసి వాల్యూమ్ తగ్గించడం. మేం చెప్పకుండానే తగ్గించారు.

శిబిరం ఉద్దేశం కూడా అదే. లీకైన బేస్ కోసం, లోపలికొచ్చే రొదను దాటడం కోసం జనం వాల్యూమ్ పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. 90కి పోతే 4 గంటలే. టిప్పు బిగిస్తే ఈ పది డెసిబెల్స్‌లో ఎంతోకొంత మనకు తిరిగొస్తుంది. కానీ రోడ్డు మీద నడిచేటప్పుడు ఇంత బిగువు వద్దని కూడా అక్కడే బోర్డు పెట్టాం. వాహనాలు వినబడాలి కదా.

శిబిరానికి ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుల్ని) పంపమని ఒక ఆసుపత్రికి ముందుగానే ఉత్తరం రాశాం. మళ్లీ రాశాం. స్వయంగా వెళ్లాం. ఫైలు పై అధికారి బల్ల మీద ఉందన్నారు. బహుశా ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. చివరికి ఒక ఆడియాలజిస్టు తన సెలవు రోజున సొంతంగా వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆవిడకు సంఘం ఎంతో రుణపడి ఉంది. ఏ టిప్పు పెట్టినా కుడి పక్క వినబడదన్న ఒక కుర్రాడి చెవిలో చూసి, “టిప్పు కాదు నాయనా, గులిమి. డాక్టరు దగ్గరికెళ్లు, పుల్లలు పెట్టకు” అని పంపేశారు. చెవిలో మెత్తటి పదార్థం పోసి ఇంట్లోనే అచ్చు తీసుకోవచ్చా అని అడిగినవాళ్లకు కూడా ఆవిడే గట్టిగా సమాధానమిచ్చారు. అచ్చు తీసేముందు నిపుణులు లోపల అడ్డుగా చిన్న ఫోమ్ ముక్క పెడతారు. అది లేకపోతే పదార్థం కర్ణభేరి దాకా పోయి గట్టిపడుతుంది. అచ్చు కావలసినవాళ్లు వాళ్ల దగ్గరికే వెళ్లండి.

స్వచ్ఛంద సేవకుల విషయం రాయక తప్పదు. శిబిరానికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపినవాళ్లతో రెండు వరసలు నింపొచ్చు. ఉదయం తలుపు తీసేసరికి వచ్చినవాళ్లు ఒక బల్ల చుట్టూ సరిపోయారు. ఆ కొద్దిమంది భోజనానికి కూడా వంతులు వేసుకుని పనిచేశారు. సాయంత్రం ఫొటో దిగే వేళకు మాత్రం కొత్త ముఖాలు చాలా కనబడ్డాయి. నోటీసు బోర్డు మీదున్న ఫొటోలో మొదటి వరస చూసి ఎవరు ఏం చేశారో అంచనా వేయకండి.

టిప్పుల పెట్టె, లెక్కలు

అరువు టిప్పుల పెట్టె ఈ ఏడాది మొదలుపెట్టాం. కంప్లై, స్పిన్‌ఫిట్ కంపెనీలవి మొదలుకొని ఊరూపేరూ లేనివాటి దాకా, నాజిల్ కొలతల వారీగా అరల్లో పెట్టి ఉంచాం. సభ్యులు విరాళంగా ఇచ్చినవే ఎక్కువ, దాతలందరికీ ధన్యవాదాలు. అయితే పెట్టెలోవి తిరిగొచ్చే తీరు బాధాకరం. జతలో ఒకటే వస్తుంది. కొన్ని గులిమితో సహా వస్తున్నాయి. సిలికాన్ టిప్పుల్ని నాజిల్ నుంచి తీసి, గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి ఇవ్వడం ఎవరికీ కష్టం కాదు. ఫోమ్ టిప్పులు ఇకపై అరువు ఇవ్వం. అవి సరిగ్గా కడగడానికి రావు, స్పిరిట్ తగిలితే పాడవుతాయి, ఒకరి చెవిలోది ఇంకొకరు పెట్టుకోవడం ఆరోగ్యం కాదు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు ప్రతుల రూపంలో పంచారు, ఆడిటర్ సంతకం అయింది. కప్లర్ ఖర్చు కొంత ఎక్కువే, విరాళాలతో సర్దుకున్నాం. చందా బకాయిల జాబితా చివరి పేజీలో ఉంది. ప్రశ్నలుంటే కోశాధికారి గారిని అడగండి.

హాలు ఇచ్చినవారికి, ప్రొజెక్టర్ మోసుకొచ్చిన మిత్రునికి, కరపత్రాలు దిద్దిన మహిళా సభ్యులకు, రేఖలన్నీ భద్రపరిచిన కుర్రవాళ్లకు, నా ఫోన్లు ఏ వేళకైనా ఎత్తిన ఉపాధ్యక్షులకు కృతజ్ఞతలు.

సభ ముందున్న తీర్మానాలు రెండు. వచ్చే మార్చి 3న శిబిరం మళ్లీ పెట్టాలన్నది ఒకటి. దీనికి చెయ్యెత్తేవాళ్లు ఎత్తిన చెయ్యి దించకుండా పక్కనున్న రిజిస్టర్‌లో ఏ పనికి, ఏ వేళకు వస్తారో రాయాలని మనవి. టిప్పుల పెట్టెకు ఒక బాధ్యుణ్ణి ఎన్నుకోవాలన్నది రెండోది. ఇప్పటిదాకా ఆ పని కూడా కార్యదర్శి నెత్తినే ఉంది. ఓటింగ్ మొదలయ్యేలోపు, అరువు తీసుకున్నవాళ్లు ఆ జతలు బల్ల మీద పెట్టేయగలరు.

భవదీయుడు,
కార్యదర్శి