పోయిన ఫోన్‌కే ఓటీపీ పంపితే ఖాతా ఆపేదెలా?

కస్టమర్ కేర్ అధికారి గారికి,

విషయం: ఫోన్ పోయిందని చెప్పాక మీ యాప్‌లోని నా వాలెట్‌లోంచి పోయిన 4,150 రూపాయలు.

అయ్యా,

నరసరావుపేటలో నాది చిన్న ఫ్యాన్సీ షాపు. పోయిన నెల సరుకు కోసం గుంటూరు వెళ్ళాను. బస్టాండులో దిగి, పట్నం బజారుకు ఆటో మాట్లాడుతూ జేబు తడుముకుంటే ఫోన్ లేదు. అప్పుడు టైము 10.40.

హోల్‌సేల్ షాపు సేటు ఫోన్ తీసుకుని 11.05కి మీ హెల్ప్‌లైన్‌కు చేశాను. 'మీ రిజిస్టర్డ్ నంబరు నుంచి కాల్ చేయండి' అంది మెషీను. పోయిందే ఆ నంబరు! ఒకటి నొక్కి, తొమ్మిది నొక్కి, చివరికి 11.20కి ఒక అమ్మాయి పలికింది. మర్యాదగానే మాట్లాడింది పాపం. 'బ్లాక్ చేయాలంటే మీ నంబరుకు ఓటీపీ పంపిస్తాను, చెప్పండి సార్' అంది. అది దొంగ చదువుకుంటాడమ్మా అన్నాను. 'సిస్టమ్‌లో ఇంకో దారి లేదు సార్' అని పెట్టేసింది. ఫిర్యాదు నంబరు కూడా ఇవ్వలేదు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

అదే మా బ్యాంకువాళ్ళు ఖాతా నంబరు, పుట్టిన తేదీ, ఆఖరిసారి ఎంత డ్రా చేశానో అడిగి వెంటనే యూపీఐ ఆపేశారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పాను. ఆధార్ చూపించి సిమ్ బ్లాక్ చేయించేసరికి పన్నెండయింది. ఈలోపు నా సిమ్ వేరే ఫోన్లో వేసుకున్నవాడు మీ యాప్‌లోకి వెళ్ళి 11.32కి 1,500, 11.36కి 2,650 ఖర్చు పెట్టేశాడు. యూపీఐ పిన్ వాడికి తెలియదు కాబట్టి బ్యాంకులో డబ్బు మిగిలింది. మీ వాలెట్‌కు మాత్రం ఆ సిమ్ ఒక్కటే తాళం, తాళంచెవీ.

దీనికి మీరు పంపిన మెయిల్‌లో 'ఓటీపీ ఎవరికీ చెప్పకండి' అని ఉంది. నేను ఎవరికీ చెప్పలేదండీ. మీరే దొంగకు పంపారు. వేరే ఫోన్లో వేస్తే అడిగేలా సిమ్‌కు కూడా పిన్ పెట్టుకోవచ్చని నాకు ఆ రోజు దాకా తెలియదు, అది నా పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు లావాదేవీలూ నేను మీకు చెప్పిన తర్వాత జరిగినవి.

ఫిర్యాదు అందాక జరిగే నష్టం వాలెట్ ఇచ్చిన కంపెనీదేనని 2019లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన చెబుతోంది. పది రోజుల్లో ఆ మొత్తం జమ చేయాలని కూడా అందులోనే ఉంది. నాకు ఇప్పటికి ఇరవై రెండు రోజులు.

నా 4,150 జమ చేయండి. వేరే నంబరు నుంచి చేసినా వివరాలు సరిచూసి ఖాతా ఆపే ఏర్పాటు పెట్టండి. ఆపడానికి ఇంత టెన్షన్ దేనికి? తెరవడానికి ఎన్ని ఓటీపీలైనా అడగండి. ముప్పై రోజులు నిండేలోగా తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాస్తాను.

సేటు ఫోన్ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్, 1930 రసీదు, సిమ్ బ్లాక్ మెసేజ్ జతచేశాను.

ఇట్లు,
మీ ఖాతాదారుడు,
నరసరావుపేట