పాత పూత ఏదో తెలియకుండా రుద్దవద్దు

సంపాదకులకు నమస్కారాలు.

పాత చెక్క సామాన్లకు ఇంట్లోనే మళ్లీ పాలిష్ పెట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తాతల నాటి పందిరిమంచాన్నో ఉయ్యాలబల్లనో పాత సామాన్ల వ్యాపారి చెప్పిన ధరకు వదిలేసి, దాని స్థానంలో నాలుగు వానాకాలాలు ఆగని పార్టికల్ బోర్డు సామాను తెచ్చుకుంటున్న రోజుల్లో అటువంటి వ్యాసాలు రావలసిందే. కాని పాత పూత ఏదైనా సరే, చెక్క తేలేదాకా గరుకు కాగితంతో గాని మిషనుతో గాని పొడిగా రుద్దేయమని అందులో చెప్పడం సరికాదు. పూత ఏమిటో చూడకుండా రుద్దితే కొన్ని సామాన్లు పాడవుతాయి. మరికొన్నింటి విషయంలో ఇంట్లోని పసిపిల్లల ఆరోగ్యానికే ముప్పు.

రెండోదే ముందు చెప్పాలి. తలుపులకూ కిటికీలకూ వేయగా మిగిలిన ఎనామిల్ రంగును పీటలకు, అలమారకు, చివరికి పిల్లల తొట్టికి కూడా పూయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ వంటి కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల్లో సీసం సమ్మేళనాలు విరివిగా వాడేవారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న కేంద్ర ప్రభుత్వ నిబంధనలు 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. కాబట్టి అంతకుముందు రంగు పడిన సామాను ఏదైనా అందులో సీసం ఉందనుకునే పనికి దిగాలి. పాత తొట్టి కోడును అంచున కాస్త గీకి చూస్తే పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద గులాబి, అడుగున ఎర్రటి ప్రైమరు వరసగా బయటపడతాయి. ఈ పొరలన్నిటినీ మిషనుతో రుద్దినప్పుడు లేచే సన్నని దుమ్ము గచ్చు మీదా దుప్పట్ల మీదా పరుచుకుని, పాకే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి చేరుతుంది. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదని చెప్పగల మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రంగు గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని కదపకుండా పైన కొత్త పూత వేయడమే అన్నిటికన్నా మంచిది. పెచ్చులు లేస్తున్న చోటా, పిల్లలు నోరుపెట్టే చోటా, డ్రాయర్లు ఒరుసుకునే చోటా తీయక తప్పదనుకుంటే నీళ్లు చిలకరించి, తడి ఆరకుండా గీకి, పెయింటర్లు వాడే వాటర్ పేపరుతో రుద్దాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ఎన్95 మాస్కు కట్టుకుని ఆరుబయట చేయవలసిన పని ఇది. గర్భిణులూ పిల్లలూ దగ్గరికి రాకూడదు. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తాలి. గీకిన పెచ్చులను గాని, పనికిరావని పక్కన పెట్టిన రంగు చెక్కలను గాని నీళ్ల పొయ్యిలోనూ, భోగిమంటలోనూ వేయకూడదు. ఆ మంట చుట్టూ చేరేది పిల్లలే కదా.

ఇక రంగు కాకుండా పాలిష్ ఉన్న సామాన్ల సంగతి. మన పాత టేకు సామాన్లలో చాలావాటికి ఉన్నది స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్. బల్ల అడుగునో, డ్రాయరు వెనకనో ఒక చుక్క స్పిరిట్ వేసి నిమిషం ఆగి వేలితో తాకితే జిగటగా అంటుకుంటే అది లక్క. ఎనామిల్, మెలమైన్, పీయూ (పాలియురేథేన్) పూతలు అలా కరగవు. లక్క పూతను గీకి పారేయవలసిన అవసరం దాదాపు ఉండదు. మురికి తుడిచి ఆరనిచ్చి, లీటరు స్పిరిట్‌కు సుమారు 250 గ్రాముల లక్క చొప్పున రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో వడకట్టి, దూదిని నూలుగుడ్డలో ఉండచుట్టి దానితో పల్చగా పూతమీద పూత వేస్తే, కొత్త స్పిరిట్ పాత లక్కను మెత్తబరచి రెండూ ఒకటైపోతాయి. వేడి గ్లాసులు పెట్టిన తెల్ల మచ్చలు కూడా చాలావరకు పోతాయి. వానాకాలంలో మాత్రం వద్దు, గాలిలోని తేమకు పూత తెల్లబారుతుంది. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దీపం, పొయ్యి దగ్గర లేకుండా చూసుకోవాలి. వ్యాసం చెప్పినట్టు మిషను పెడితే దశాబ్దాలుగా చెక్కకు వచ్చిన ఆ ముదురు తేనె రంగు పోవడమే కాదు, ప్లైవుడ్ మీద పల్చని టేకు పొర అతికించిన బల్లలైతే ఆ పొర క్షణాల్లో తెగి కింది చెక్క బయటపడుతుంది.

తొట్టికీ బొమ్మలకూ ఏ పూత అన్న ప్రశ్నకు నా జవాబు లక్కే. ఏటికొప్పాకలో బొమ్మల కోసం అంకుడు కర్రను తరిణ (లేత్) మీద తిప్పుతూ రుద్దేది దాన్నే; కొన్ని మాత్రల మీద పూత కూడా దానిదే. వ్యాసంలో సూచించిన అవిసె నూనె చెడ్డదేమీ కాదు గాని, నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవన్న హెచ్చరిక అందులో లేకపోవడం పెద్ద లోపం. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచాలి.

దసరా, సంక్రాంతి ముందే జనం ఇటువంటి పనులు పెట్టుకుంటారు. అందుచేత సీసం గురించీ, నూనె గుడ్డల గురించీ ఒక సవరణను అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో పండుగలకు ముందుగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం