అడిగినవారికి ఒక ధర, అడగనివారికి ఒక ధర: కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,
కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి, న్యూఢిల్లీ.

నమస్కారములు.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ధరల విషయంలో పాత వినియోగదారులకు జరుగుతున్న అన్యాయాన్ని మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌కు వెళ్లి విచారించినా మీకు ఇదే కనిపిస్తుంది. ఒకే కంపెనీ, ఒకే వేగం, ఒకే రకం రౌటర్, మెట్ల పక్కనుంచి వచ్చే కేబుల్ కూడా ఒకటే. అయినా కింది అంతస్తువారు కట్టే బిల్లు ఒకటి, పై అంతస్తువారు కట్టే బిల్లు మరొకటి. విచారిస్తే తేలేదేమిటంటే, తక్కువ కడుతున్నవారు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కనెక్షన్ తీసేయమన్నారు, ఎక్కువ కడుతున్నవారు ఆ మాట అనలేదు.

మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిని. లిఫ్టు, నీళ్ల ట్యాంకర్ల తర్వాత మా వాళ్లు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే సమస్య ఇంటర్నెట్ బిల్లే. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయిని నెలకు 999 రూపాయల ప్లాన్‌లో ఉండేవారు. 18 శాతం జీఎస్టీ కలిస్తే అది 1,178 రూపాయల 82 పైసలు. అమెరికాలో ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడటానికే ఆవిడకు ఈ కనెక్షన్. అదే కంపెనీ కొత్తగా చేరేవారికి అదే వేగాన్ని తక్కువకు ఇస్తున్నట్టు గేటు దగ్గర పంచిన కరపత్రంలో చూసి నన్ను పిలిచారు. ఆవిడ ఇంట్లో కూర్చుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కస్టమర్ కేర్‌తో మాట్లాడాం. ధర తగ్గించమని అడిగినంతసేపూ ‘ఈ ప్లాన్‌లో అంతేనండి, సిస్టమ్‌లో వేరే ఆప్షన్ లేదు’ అన్నదే సమాధానం. ‘అయితే తీసేయండి బాబూ’ అని టీచరుగారు అనగానే కాల్ వేరే విభాగానికి మారింది. అక్కడి అమ్మాయి రెండు నిమిషాలు కూడా గడవకముందే 799 రూపాయలకు అదే వేగం ఇస్తామంది. ‘ఈ ధర ఉన్నట్టు ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?’ అని ఆవిడ అడిగారు. ‘ఇది రిటెన్షన్ ఆఫర్ మేడమ్, వెళ్లిపోతామన్నవాళ్లకే చూపిస్తుంది’ అని ఆ అమ్మాయి ఉన్నమాటే చెప్పింది. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆమె ముందున్న తెరలో ఏది కనిపించాలో నిర్ణయించినవారు వేరు. పన్నుతో కలిపి నెలకు 236 రూపాయలు, ఏడాదికి 2,832 రూపాయలు ఒక పెన్షనర్ అదనంగా కట్టారు. నెలనెలా గడువులోపల బిల్లు కట్టి, ఏనాడూ గొడవపడకుండా ఉన్నందుకు ఆవిడకు దక్కింది ఇది.

బేరమాడటాన్ని నేను తక్కువ చేయడం లేదు. మోండా మార్కెట్‌లో బేరమాడకుండా కూరలు కొనేవారు తక్కువే. కానీ అక్కడ పక్కవారికి ఎంతకిచ్చారో మన చెవులతో వింటాం, అవతలి బండి పది అడుగుల దూరంలో ఉంటుంది. ఇంటర్నెట్ విషయంలో ఆ రెండూ లేవు. అందుకే మా సంఘంలో అందరికీ నేను చెబుతున్నది ఇది: ఫోన్ చేసే ముందు ఆ కంపెనీ కొత్తవారికి ఇస్తున్న ధరను, మన వీధికి వచ్చే మరో కంపెనీ ధరను పన్నుతో సహా కాగితం మీద రాసుకోండి. తగ్గించమని బతిమాలకండి, తీసేయాలనుకుంటున్నామని మర్యాదగా చెప్పండి. ఒప్పుకున్న ధర ఎన్ని నెలలు ఉంటుందో అడిగి, ఎస్సెమ్మెస్‌లో పంపమనండి. ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకోకుండా ఫోన్ పెట్టకండి. ఇది పనిచేస్తోంది, చాలామందికి బిల్లు తగ్గింది. అయినా నాకు తృప్తి లేదు. ఫోన్‌లో అరగంట సేపు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో గట్టిగా మాట్లాడగలిగినవారికే తగ్గే ధరను న్యాయమైన ధర అని నేను అనలేను.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. టెలికాం ధరలను నిర్ణయించే స్వేచ్ఛను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చాలావరకు కంపెనీలకే వదిలేసింది; పోటీ ఉన్నచోట అది సరైన పద్ధతే. అయితే ఆ స్వేచ్ఛకు రెండు షరతులున్నాయి. ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదన్నది 1999 నాటి టెలికాం టారిఫ్ ఆర్డర్‌లోనే ఉంది. ప్రతి టారిఫ్‌నూ, అంటే ప్లాన్ ధరనూ షరతులనూ, అమల్లోకి తెచ్చిన ఏడు పనిదినాల్లోపు ట్రాయ్‌కు తెలియజేయాలన్నది రెండోది. ఎంపిక చేసిన కొందరికే ఇచ్చే సెగ్మెంటెడ్ ఆఫర్ల వివరాలు కూడా ట్రాయ్‌కు వెల్లడించాల్సిందేనని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే, వెళ్లిపోతామన్నవారికి ఎంతకిస్తున్నారో తెలుసుకునే దారి నియంత్రణ సంస్థకు ఉంది. బిల్లు కట్టే మనిషికే ఆ దారి లేదు. ట్రాయ్ టారిఫ్ పోర్టల్‌లో వెతికితే ప్లాన్ల పట్టిక దొరుకుతుంది గానీ, టీచరుగారికి ఫోన్‌లో చెప్పిన 799 రూపాయల ధర లాంటిది నాకు ఎక్కడా కనిపించలేదు.

మొబైల్ సంగతి చూడండి. 2011 జనవరి 20న నంబర్ పోర్టబిలిటీ, అంటే నంబరు మారకుండానే కంపెనీ మారే వీలు, దేశమంతటా వచ్చాక కంపెనీల ధోరణే మారింది. 1900కు ఒక ఎస్సెమ్మెస్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, ఒకే టెలికాం సర్కిల్‌లో (సేవల కోసం విభజించిన ప్రాంతంలో) అయితే మూడు పనిదినాల్లో మార్పు పూర్తికావాలని 2019 డిసెంబరు నుంచి నియమం ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నేటికీ ఒకే టెలికాం సర్కిల్ గనుక హైదరాబాద్ నుంచి మీ గుంటూరుకు మకాం మార్చినా ఆ మూడు రోజులే. ఇంటి కనెక్షన్‌కు ఇలాంటి ఏర్పాటు ఏదీ లేదు. ల్యాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి తీసుకెళ్లే వీలు ఇప్పటికీ మన దేశంలో లేదు. 040తో మొదలయ్యే పాత నంబరును బంధువులకు, బ్యాంకుకు, ఆసుపత్రికి ఇచ్చుకున్న పెద్దవారు ఆ నంబరు కోసమే పాత కంపెనీని పట్టుకుని ఉన్నారు. చేరడానికి ఒక ఓటీపీ చాలు. వదులుకోవడానికి మాత్రం ఫోన్ చేయాలి, కారణం చెప్పాలి, మరో విభాగంతో మాట్లాడాలి, రౌటర్ తీసుకెళ్లడానికి మనిషి వచ్చేదాకా ఇంట్లో కాచుకోవాలి, ఆపైన డిపాజిట్ కోసం ఎదురుచూడాలి. ఏడాది ప్యాకు ముందే కట్టి, మధ్యలో అద్దె ఇల్లు మారవలసి వచ్చి, కొత్త వీధిలో ఆ కంపెనీ లేదని తెలిసినవారి డబ్బు గురించి ఎవరూ సరిగా జవాబు చెప్పరు. హైదరాబాద్‌లో సగటు జీతగాడికి అద్దె ఇల్లు మారడం అరుదైన సంగతేమీ కాదు.

వెళ్లిపోతామని చెప్పడానికైనా వెళ్లే చోటు ఒకటి ఉండాలి కదా. మా ప్రాంతంలో చాలా అపార్ట్‌మెంట్లలో ఒకటీ రెండు కంపెనీల కేబుల్‌నే లోపలికి రానిస్తారు. కొన్నిచోట్ల బిల్డరు ముందే ఒప్పందం చేసుకుని ఉంటాడు, కొన్నిచోట్ల సంఘాలే కంపెనీ నుంచి డబ్బు తీసుకుని మిగిలినవారికి తలుపు మూస్తాయి. సంఘం కార్యదర్శిగా ఈ మాట చెప్పడం నా తోటివారికి నచ్చకపోవచ్చు, కానీ ఆ డబ్బు చివరికి మన నివాసితుల బిల్లుల్లోంచే వస్తుంది. భవనాల్లోకి ప్రవేశం ఒకే సంస్థకు రాసిచ్చే ఒప్పందాలు ఉండకూడదని 2017 జనవరిలోనే ట్రాయ్ సిఫార్సు చేసింది. 2024 అక్టోబరులో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్, అంటే లోపల ఇంటర్నెట్, ఫోన్ సౌకర్యం ఎంత బాగుందో చెప్పే గుర్తింపు, ఇచ్చే నిబంధనలు కూడా తెచ్చింది. అయితే రేటింగ్ కోసం దరఖాస్తు చేసుకోవడం యజమానుల ఇష్టం. ఇప్పటికే కట్టి, ఇప్పటికే తలుపు మూసిన భవనాలకు దీనితో ఒరిగేదేమీ లేదు.

ఇక వీధిలోకి వస్తే కేబుళ్లన్నీ కరెంటు స్తంభాల మీదే. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను పెద్దఎత్తున కత్తిరించారు. మనుషుల ప్రాణాలకంటే ఇంటర్నెట్ ఎక్కువ కాదు, ఆ తీగల గజిబిజిని సరిచేయాల్సిందే. కానీ కేబుల్ తెగి సేవ ఆగిన ఇళ్లలో ఆ రోజులకు బిల్లు తగ్గినట్టు నాతో చెప్పినవారు ఒక్కరూ లేరు. స్థిర కనెక్షన్‌లో లోపాన్ని మూడు రోజుల్లో సరిచేయకపోతే కనెక్షన్ నెల అద్దెలో మినహాయింపు ఇవ్వాలన్న నియమం ఉన్న సంగతి మా భవనంలో నేను చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అడిగితేగాని రాని మినహాయింపు, అడిగితేగాని తగ్గని ధర, రెండింటి వెనుకా ఉన్న ఆలోచన ఒకటేనని నాకు అనిపిస్తోంది.

ప్లాన్‌తో పాటు అంటగట్టే ఓటీటీ చందాల గురించి ఒక్క మాట. డేటా అక్కర్లేనివారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన రీచార్జి తప్పనిసరిగా ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. అదే న్యాయం బ్రాడ్‌బ్యాండ్‌కూ వర్తించాలి. సినిమాలు చూడని ఇంటికి వట్టి ఇంటర్నెట్ ధర విడిగా తెలియాలి.

విధానపరమైన అంశాల మీద ట్రాయ్‌కు లిఖితపూర్వకంగా ఆదేశాలిచ్చే అధికారాన్ని ట్రాయ్ చట్టంలోని 25వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారంతోగానీ, కనీసం ట్రాయ్ సిఫార్సులు కోరడం ద్వారాగానీ మీ శాఖ ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను. అన్నిటికంటే ముందు కావలసింది, వెళ్లిపోతామన్నవారికి ఇచ్చే ప్రతి ధరనూ ట్రాయ్ పోర్టల్‌లో అందరికీ కనిపించేలా పెట్టించి, అదే ప్రాంతంలో అదే ప్లాన్‌లో ఉన్న పాత వినియోగదారు ఎవరు అడిగినా ఇచ్చి తీరాలన్న నియమం. ప్రతి బిల్లు మీదా ఆ వేగానికి కంపెనీ ఇస్తున్న అతి తక్కువ ధరను, పన్నుతో సహా, తెలుగులో అచ్చువేయిస్తే టీచరుగారి వంటివారికి కార్యదర్శి సాయం అక్కర్లేదు. మొబైల్‌కు 1900 ఉన్నట్టే ఇంటి కనెక్షన్ వదులుకోవడానికీ ఒక ఎస్సెమ్మెస్ సరిపోవాలి, ముందే కట్టిన ప్యాకులో వాడని నెలల సొమ్ము తిరిగి రావాలి, ల్యాండ్‌లైన్ నంబరు మనతో పాటు రావాలి. భవనాల్లో ఒకే కంపెనీకి తలుపు తెరిచే ఒప్పందాలను నిషేధించడానికి 2017 నాటి సిఫార్సును బయటికి తీస్తే చాలు.

కంపెనీలు దీనికి ఒప్పుకోవని నాకు తెలుసు. పాతవారందరికీ తక్కువ ధర ఇవ్వవలసి వస్తే కొత్తవారికి ఇచ్చే ఆఫర్లు ఆగిపోతాయని అంటారు. కొత్తవారి ఆఫర్ కొంత తగ్గినా సరే, ఏళ్ల తరబడి నమ్మకంగా కడుతున్నవారి మీద ఆ భారం వేయకూడదన్నదే నా అభిప్రాయం.

ఈ శాఖలో తెలుగు చదవగలిగిన మంత్రి ఉన్నారు గనుక ఈ లేఖను తెలుగులోనే రాశాను. మీ శాఖ తీసుకునే చర్యను తెలియజేస్తూ తెలుగులోనే ఒక జవాబు ఇప్పించగలరు; దాన్ని మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డులో పెట్టి, చుట్టుపక్కల సంఘాలకు కూడా పంపుతాను.

ఇట్లు,
భవదీయురాలు,
అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం కార్యదర్శి,
మల్కాజిగిరి, హైదరాబాద్.