పండుగ కానుకగా విరాళం: అడిగి ఇవ్వడం మేలు

సంపాదకులకు,

అయ్యా,

సంక్రాంతి దగ్గర పడిందంటే నెల్లూరు, కావలి బజార్లలో డ్రైఫ్రూట్స్ పెట్టెలు, శాలువాలు, గాజు జ్ఞాపికలు అంగళ్ల ముందు వరసకు వస్తాయి. వాటిని అందుకునే ఇళ్లలో నిరుటి జ్ఞాపికలే ఇంకా అటక దిగి ఉండవు. ఆ సొమ్మును అవతలివారి పేరిట ఏ ఆశ్రమానికో, ఆసుపత్రికో విరాళంగా పంపి, ఆ సంగతి రాసిన కార్డును కానుకగా ఇచ్చే పద్ధతి కొందరిలో మొదలైంది. కొత్త సంవత్సరం నాడు తమను కలవడానికి వచ్చేవారిని పూలగుచ్ఛాలకు బదులు నోటు పుస్తకాలు, దుప్పట్లు తెమ్మని పలువురు కలెక్టర్లు కోరడమూ ఈ కోవలోదే. ఇది పెరగాలనే నా కోరిక. అయితే ఇస్తున్న తీరు గురించి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

పండుగ రోజున వృద్ధాశ్రమానికి వెళ్లి చూసినవారికి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. మధ్యాహ్నం లోపే ఒకరి వెనుక ఒకరు బిర్యానీ పొట్లాలతో, కేకులతో దిగుతారు. షుగరు ఉన్న పెద్దావిడ చేతిలో మైసూరుపాకు పెట్టి ఫొటో తీసుకుంటారు. సాయంత్రానికి మిగిలినదంతా పారబోయవలసి వస్తుంది. పండుగ మరునాటి నుంచి ఆ గేటు వైపు చూసేవారు ఉండరు. నిర్వాహకులను పక్కకు పిలిచి అడిగితే షుగరు పరీక్ష స్ట్రిప్పులు, మంచం దిగలేనివారికి డైపర్లు, వచ్చే నెల పాల బిల్లు అని చెబుతారే తప్ప, భోజనం అనరు. ఇచ్చేవారి ముందు ఈ అవసరాలు చెప్పడానికి వారికి మొహమాటం.

అడిగి ఇవ్వడం మన జిల్లాకు కొత్త కాదు. బారాషహీద్ దర్గా వద్ద స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగనాడు కోరిక తీరినవారు రొట్టె పట్టుకుని నిలబడితే, కోరిక ఉన్నవారు చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె అంటూ తమకు కావలసినది వెతుక్కుని అందుకుంటారు. ఎవరికి ఏది అవసరమో ముందు తెలుసుకునే ఆ ఏర్పాటు మన విరాళాలలోనూ ఉంటే చాలు.

ఎవరి పేరిట ఇస్తున్నామో వారి మనసు కూడా ముఖ్యమే. తల్లిని క్యాన్సర్‌తో పోగొట్టుకున్న మిత్రుడి పేరిట నెల్లూరులో రెడ్‌క్రాస్ నడుపుతున్న క్యాన్సర్ ఆసుపత్రికి పంపితే అది ఆయనకు కానుక అవుతుంది. మనకు నచ్చిన సంస్థకు పంపి ఆయన పేరు తగిలిస్తే అది మన విరాళంగానే మిగులుతుంది. గుడిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయించుకునే అలవాటును ఇక్కడికీ తీసుకురానక్కరలేదు. ఇంకొక మాట: ఈ పద్ధతి ఏ లోటూ లేనివారికే తగినది. ఇంట్లో పనిచేసే మనిషికీ, వాచ్‌మన్‌కూ, వాకిట్లోకి వచ్చే హరిదాసుకూ ఇవ్వవలసిన పండుగ మామూలు వారి చేతికే అందాలి. వారికి వేరొకరి రసీదు చూపించడం అన్యాయం.

డబ్బు విషయంలోనూ జాగ్రత్త అవసరం. కానుక ఎవరి పేరిట ఇచ్చినా, విరాళానికి ఆదాయపు పన్నులో వచ్చే మినహాయింపు (80జి అని పిలిచేది) చెల్లించిన వారికే వర్తిస్తుంది కనుక రసీదు వారి పేరుతో, పాన్ నంబరుతో తీసుకుని, అవతలివారి పేరుతో వేరుగా ఉత్తరం అడగడం మంచిది. 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు ఉండదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. పిల్లల ఆశ్రమమైతే బాల న్యాయ చట్టం కింద నమోదైనదో కాదో విచారించిన తరువాతే ఇవ్వాలి.

మీ పత్రికను ఒకటి కోరుతున్నాను. సంక్రాంతికి రెండు వారాల ముందు జిల్లా పేజీలో, నమోదు పొందిన ఆశ్రమాలు, వసతి గృహాలు తమకు నిజంగా కావలసిన వస్తువులను, అవి ఏ నెలలో కావాలో కూడా చెప్పుకునేలా కొంత చోటు కేటాయించండి. దాతల ఫొటోలకు ఇప్పుడు ఇస్తున్న చోటులో సగమైనా దీనికి సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.