రాత్రి రెండింటికి ఊడ్చుకుపోయిన ఫోటోలు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో "ల్యాప్‌టాప్ బ్యాకప్‌కి డబ్బులు పెట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే చెప్పరా" అన్నావు. అప్పుడు బస్సులో ఉన్నాను, ఆ గోలలో ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు, కరెంటు ఉంది, ఫ్లాస్కు నిండా కాఫీ ఉంది. ముందు నా పరువు పోయిన కథ విను.

నా పాత డెస్క్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని తెలుసుగా. ఫోటోలన్నీ ఒక డిస్కులో, వాటి కాపీ ఇంకో డిస్కులో ఉండేవి. కాపీ చేసేది ఆర్‌సింక్. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ రాసిన ప్రోగ్రాం. మారిన ఫైళ్లనే పట్టుకుని కాపీ చేస్తుంది, మిగతావాటి జోలికి పోదు. రోజూ రాత్రి రెండింటికి దానంతటదే నడిచేలా క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకి పనులు నడిపే ఏర్పాటులో పెట్టాను. పైగా "డిలీట్" అనే ఆప్షన్ ఒకటి తగిలించాను. అసలు డిస్కులో లేనిది కాపీలోనూ ఉండకూడదన్నమాట. చెత్త పేరుకోదని నా తెలివి.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. మిషన్ దానంతటదే లేచింది, ఫోటోల డిస్కు మాత్రం మళ్లీ లేవలేదు. డిస్కు దొరక్కపోయినా బూట్ ఆగొద్దని సెట్టింగుల్లో రాసుకున్నదీ నేనే! డిస్కు మౌంట్ కాకపోతే, అంటే సిస్టమ్‌కి తగులుకోకపోతే, దాని ఫోల్డర్ ఉంటుంది కానీ లోపల ఏమీ ఉండదు. రాత్రి రెండింటికి ఆర్‌సింక్ వచ్చి చూసింది, ఇల్లు ఖాళీ. అక్కడ లేనివి ఇక్కడ మాత్రం ఎందుకని కాపీ డిస్కును కూడా శుభ్రంగా ఊడ్చేసింది. పొద్దున్నే లాగ్ తెరిస్తే "డిలీటింగ్, డిలీటింగ్" అంటూ వరసగా నాన్న షష్టిపూర్తి, పాప అన్నప్రాసన, మన అరకు ట్రిప్పు. చేతిలో కాఫీ చల్లారిపోయింది బావా.

పాపం ఆర్‌సింక్ తప్పేం లేదు, చెప్పిన పని చేసింది. నేను కట్టుకున్నది అద్దం. అద్దం ముందు నుంచి మనిషి తప్పుకుంటే లోపలి మనిషీ తప్పుకుంటాడు.

అదృష్టం ఏమిటంటే, వెంటనే కాపీ డిస్కు పీకేశాను. మామూలు హార్డ్ డిస్కులో చెరిపిన ఫైళ్ల మీద కొత్తవి రాయకపోతే పాతవి ఇంకా అక్కడే ఉంటాయి. ఫోటోరెక్ అని ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైల్ సిస్టమ్‌ని నమ్ముకోకుండా డిస్కంతా జల్లెడ పట్టి, ఫోటో మొదలయ్యే గుర్తులు చూసి ఏరుతుంది. తమ్ముడి దగ్గర ఇంకో డిస్కు అడిగి తెచ్చి, ఏరినవన్నీ దాంట్లో పోశాను. చాలావరకు వచ్చాయి, కానీ పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. ఎఫ్ అనే అక్షరం, వెనకాల పొడుగాటి నంబరు, అంతే. మధ్యలో గోరంత తంబ్‌నెయిళ్లు, అంటే ఫోటోల బుల్లి నమూనాలు. ఫోటో లోపల తీసిన తేదీ ఉంటుంది కాబట్టి సంవత్సరాల వారీగా విడదీయగలిగాను. ఇప్పటికీ ఆదివారాలు మీ చెల్లెలూ నేనూ కూర్చుని "ఇదెవరి పెళ్లి? ఈ చీర నేనెప్పుడు కట్టాను?" అనుకుంటూ పేర్లు పెడుతున్నాం.

అప్పటి నుంచి నేను రెస్టిక్‌కి మారాను. ఇదీ బ్యాకప్ సాఫ్ట్‌వేరే, కానీ నడిపిన ప్రతిసారీ ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో ఆ రూపం, విడిగా దాస్తుంది. నేను రోజూ నడుపుతాను. ఇవాళ ఫైలు పోయినా నిన్నటి స్నాప్‌షాట్లో ఉంటుంది, మొన్నటిదాంట్లోనూ ఉంటుంది. మరి డిస్కు నిండిపోదా అంటావు. ఫైళ్లను సుమారు ఒక ఎంబీ ముక్కలుగా కోస్తుంది, ప్రతి ముక్కకీ వేలిముద్ర లాంటి నంబరు వేస్తుంది. అదే వేలిముద్ర ఉన్న ముక్క అప్పటికే లోపల ఉంటే మళ్లీ దాచదు. నాకు మొదటిసారి రాత్రంతా పట్టింది, ఇప్పుడు రోజూ టీ తాగేలోపు అయిపోతోంది. చివరి ఏడు రోజులవి, నాలుగు వారాలవి, పన్నెండు నెలలవి ఉంచి మిగతావి తీసెయ్యమని చెప్పాను.

రెస్టిక్ విండోస్‌లోనూ నడుస్తుంది, కానీ కమాండ్లు టైపు చేసే ఆ నల్ల తెర చూస్తే నీకు టెన్షన్ అని నాకు తెలుసు. నువ్వు కోపియా వేసుకో. పని దాదాపు అదే, కాకపోతే మౌస్‌తో నొక్కుకునే కిటికీలుంటాయి. రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేరే. ఇంగ్లీషులో "ఫ్రీ" అనే మాటకి రెండర్థాలు, మనకి మాత్రం ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇక్కడ నాకు కావాల్సింది రెండోది. రేపు తయారుచేసేవాళ్లు మానేసినా కోడ్ అందరి దగ్గరా ఉంటుంది, పదేళ్ల తర్వాత నా డిస్కు తెరవడానికి ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు.

పాస్‌వర్డ్ ఒక్కటి జాగ్రత్త. ఈ రెండూ అంతా ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేనట్టు తాళం వేసే దాస్తాయి. పాస్‌వర్డ్ పోతే, సాఫ్ట్‌వేర్ రాసినవాడు దిగొచ్చినా తెరవలేడు. నాది కాగితం మీద రాసి పొలం పాస్‌బుక్ పక్కన పెట్టాను, మీ చెల్లెలికీ చూపించాను. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్ వెనక్కి తీసి, తెరిచి చూడు.

అన్నట్టు, మీ నాన్నగారి పద్యాలు డీటీపీలో టైపు చేయించిన పాత ఫైళ్లున్నాయి కదా. అవి యూనికోడ్ కావు, అంటే ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అందరూ వాడే తెలుగు అక్షరాల పద్ధతిలో లేవు. ఆ ఫాంటు లేని మిషన్లో తెరిస్తే సీస పద్యం కాస్తా పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది. ఫాంటు ఫైలు కూడా పక్కనే దాచు, వీలైతే ఒక పీడీఎఫ్ చేసి పెట్టు.

ఇక పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్కొకటి ఉంది: మూడు కాపీలు, రెండు రకాల మీడియా (అంటే దాచే సాధనాలు), ఒకటి ఇంటి బయట. మూడోదే నాకు కుదర్లేదు. అందుకే వచ్చే నెల హైదరాబాద్ వచ్చినప్పుడు నా డిస్కొకటి మీ ఇంట్లో పెట్టి, నీదొకటి ఇక్కడికి తెచ్చుకుంటాను. ఎలాగూ తాళం వేసే ఉంటుంది కాబట్టి నీ జీతం స్లిప్పులు నేను చూడలేను, నా పెళ్లి ఫోటోలు నువ్వు చూసి నవ్వలేవు. పుస్తకాల బీరువాలో చోటు చూడమని అక్కకి చెప్పు. మీ ఫ్రిజ్ మీద మాత్రం వద్దు, పోయినసారి నా గొడుగు అక్కడే పెట్టి మాయం చేశారు.

ఉంటాను,
నీ బావ