వంతెన మీద తారు బరువు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా ఊరి కాలువ మీది పాత ఉక్కు గర్డర్ల (దూలాల) వంతెనపై మళ్లీ తారు వేస్తుంటే స్కూటర్ ఆపి చూశాను. నేను అక్కడ సైట్లో ఉన్న రోజుల్లో దాని కెర్బ్, అంటే రోడ్డు అంచున కట్టిన గట్టు, జానెడు ఎత్తుండేది. ఇప్పుడు బెత్తెడు కూడా లేదు. మిగతాదంతా తారు కిందకి పోయింది.

వంతెన పేరెందుకు గానీ, లెక్క చెబుతాను. 5 సెంటీమీటర్ల తారు పొర చదరపు మీటరుకు దాదాపు 115 కిలోలు. 7.5 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల స్పాన్ (రెండు ఆధారాల మధ్య పొడవు) అనుకుంటే ఒక్క పొరకే 26 టన్నులు. నిండు పది చక్రాల లారీ రాత్రింబవళ్లూ అక్కడే ఆగి ఉన్నట్టు లెక్క.

తారు కింద, గర్డర్ల మీద ఉన్న కాంక్రీటు స్లాబు ఎలాగూ పెచ్చులూడుతోంది. మళ్లీ పోసేటప్పుడు తేలిక కాంక్రీటు, అంటే బరువు తక్కువ కంకరతో కలిపేది, వాడమని నా మనవి. 20 సెంటీమీటర్ల మామూలు స్లాబు చదరపు మీటరుకు 500 కిలోలైతే, ఇది సుమారు 380. శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ వంతెన పై అంతస్తుకు 1936లోనే ఇలాంటి కాంక్రీటు పోశారు. మనకు థర్మల్ కేంద్రాల బూడిద గుట్టలుగా ఉంది. దాన్ని ఉండలు కట్టి కాల్చి చేసే కంకరకు 2018లో ఐఎస్ (భారతీయ) ప్రమాణం కూడా వచ్చింది.

అలాగని పాత డ్రాయింగు మీద కాంక్రీటు పేరు మార్చి పోసేస్తే కుదరదు. స్లాబునీ గర్డరునీ కలిపి పట్టేవి స్టడ్లు, అంటే గర్డరు పైన వెల్డు చేసి స్లాబులోకి నిలబెట్టే ఉక్కు ముక్కలు. ఆ పట్టు లేకపోతే ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు పలకల్లా దేనికది వంగుతాయి. తేలిక కాంక్రీటుకు బిగువు తక్కువ కాబట్టి స్టడ్డు చుట్టూ త్వరగా నలుగుతుంది, స్లాబు కాస్త ఎక్కువ వంగుతుంది. స్టడ్ల లెక్క మళ్లీ మొదటినుంచీ వేయాల్సిందే. వెల్డయ్యాక ప్రతి స్టడ్డునీ సుత్తితో కొట్టి చూడాలి, ఖంగుమనాలి. మొద్దుగా మోగినదాన్ని మేం వంచి చూసేవాళ్లం.

పోసేటప్పుడు ఇంకో చిక్కుంది. ఈ కంకర నీళ్లు పీలుస్తుంది, ముందే నానబెట్టాలి. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ ఎక్కువసేపు పెడితే మామూలు కంకర అడుక్కి దిగుతుంది, ఇది పైకి తేలుతుంది. అలవాటు లేని మేస్త్రీ దీన్ని చూసి కంగారుపడతాడు.

ఇంత చేసినా, ఆ తర్వాత ఓ వేసవిలో ఎవరో వచ్చి 5 సెంటీమీటర్ల తారు పరిస్తే మిగిల్చిన 120 కిలోల్లో 115 అక్కడే పోతాయి. అందుకే పాత పొర గీకకుండా వంతెన మీద కొత్త పొర వేయకూడదని టెండర్లోనే రాయాలి. ఈ వర్షాలకు ముందే అధికారులెవరైనా వచ్చి ఆ కెర్బ్ ఎత్తు కొలిపించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సైట్ ఇంజినీరు,
తూర్పుగోదావరి జిల్లా